మా వాళ్ళ సొంత ఫోన్లలో మా ఆఫీసు: ఆరు నెలల పని డైరీ

మాది విజయవాడ గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ ఏజెన్సీ. లెక్కలు చూసేది నేనే, కంప్యూటర్లూ నా నెత్తినే. ఫోన్ మీద ఆఫీసు పని చేసేవాళ్ళు 23 మంది: లైనుకెళ్ళే (ఊళ్ళు తిరిగి షాపుల ఆర్డర్లు తెచ్చే) సేల్స్‌మన్లు 9, డెలివరీ కుర్రాళ్ళు 7, బిల్లింగ్‌లో 4, గోడౌన్‌లో 2, మేనేజరు 1. ఫోన్లన్నీ వాళ్ళ సొంతం, ఆఫీసు ఒక్కటి కూడా కొనలేదు. ఆర్డర్లు, బాకీల లిస్టులు, రేట్లు, సంతకం పెట్టిన బిల్లుల ఫోటోలు, ఆస్పత్రుల ఇండెంట్లు (కావాల్సిన మందుల పట్టీలు) అన్నీ ఆ ఫోన్లలోనే తిరుగుతున్నాయి.

వాళ్ళ సొంత సంగతుల జోలికి పోకుండా ఆఫీసు సరుకును ఒక పక్కకి చేర్చాలి, అదీ పని. మాలాంటి చిన్న ఏజెన్సీల వాళ్ళు చూసి చేసుకుంటారని రాసి పెడుతున్నాను. చేయకూడనివే ఎక్కువున్నాయి.

దశ 1: ఏమున్నాయో లెక్క (2025 జూన్ 9–14)

రోజుకు నలుగురు చొప్పున టీ టైములో కూర్చోబెట్టి, ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంచి వివరాలు అడిగాను. మొదటి రోజు ఒక కుర్రాడి ఫోన్ నేనే తీసుకుని సెట్టింగ్స్ తెరిచాను. వాడి మొహం మాడిపోయింది. మళ్ళీ ఎవరి ఫోనూ ముట్టుకోలేదు.

తేలినవి:

1. ఆండ్రాయిడ్ 13, ఆపైన: 14 ఫోన్లు. 11, 12: నాలుగు. 10, అంతకు పాతవి: మూడు. ఐఫోన్లు: రెండు.
2. లాక్ అసలు లేనివి: 5. లాక్ ఉన్నా ఇంట్లో పిల్లలకు తెలిసినవి: 8.
3. నాలుగు జీబీ కూడా ఖాళీ లేనివి: 6.
4. ఆఫీసు పేరుతో ఉన్న వాట్సాప్ గ్రూపులు: 11. వాటిలో ఉద్యోగం మానేసి వెళ్ళినా ఇంకా ఉన్న నంబర్లు: 7. అందులో ఒకరు ఇప్పుడు మాకు పోటీ ఏజెన్సీలో ఉన్నారు. మా రేట్ల లిస్టు ఆయనకి ప్రతి సోమవారం మేమే పంపుతున్నాం.

నా ఫోన్ కూడా చూసుకున్నాను. గ్యాలరీలో ఆఫీసు ఫోటోలు 3,412. బిల్లులు, పగిలిన సీసాలు, ఎక్స్‌పైరీ స్ట్రిప్పులు, వాటి మధ్యలో మా చెల్లెలి సీమంతం. కొన్ని ఫోటోలు చూసి భయం వేసింది. దొరకని మందు కోసం మెడికల్ షాపుల వాళ్ళు డాక్టరు చీటీనే ఫోటో తీసి పంపుతారు. చీటీ మీద రోగి పేరు, వయసు, జబ్బు ఉంటాయి. అవన్నీ గ్రూపులో పడి 23 ఫోన్లలోకీ దిగిపోయాయి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹0. నా గంటలు 11. చేరిన ఫోన్లు 0.

దశ 2: మొదటి యాప్, మొదటి తిరుగుబాటు (జూన్ 16–28)

ఉచితంగా వాడి చూడమంటూ దొరికిన ఒక మేనేజ్‌మెంట్ యాప్ (ఫోన్లని ఆఫీసు నుంచి అదుపు చేసేది) పెట్టాను. పాత పద్ధతి యాప్ అది. పెట్టగానే ఫోన్‌కే అడ్మిన్ హక్కు అడుగుతుంది. ఆ స్క్రీన్ మీద మొదటి వాక్యమే ఫోన్‌లోని మొత్తం డేటా చెరిపేసే అధికారం అని. నేను చదవకుండా ఓకే కొట్టాను. మా వాళ్ళు చదివారు.

నూజివీడు లైను అబ్బాయి అడిగాడు: "అక్కా, మా పాప పుట్టినప్పటి ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి. నువ్వక్కడ బటన్ నొక్కితే పోతాయా?"

పోవు అన్నాను. అన్నానే గానీ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఇంట్లో పడున్న పాత ఫోన్‌లో ఆ యాప్ ఎక్కించి, పది ఫోటోలు పెట్టి, కంప్యూటర్ నుంచి బటన్ నొక్కాను. 40 సెకన్లలో ఫోన్ కొత్తగా డబ్బాలోంచి తీసినట్టు అయిపోయింది. ఆఫీసుదీ పోయింది, నా పది ఫోటోలూ పోయాయి. అబ్బాయి అడిగింది నిజం, నేను చెప్పింది అబద్ధం. వెళ్ళి ఆ మాట చెప్పాను.

అప్పటికి చేరినవాళ్ళు నలుగురు. నలుగురి ఫోన్లలోంచీ తీసేశాను. ఈ పాత పద్ధతిని ఆండ్రాయిడ్ వాళ్ళే 9వ వెర్షన్ నుంచి వద్దంటున్నారు, 10 నుంచి దాని హక్కులు చాలా వరకు కోసేశారు. మొదలుపెట్టే ముందు గంట కూర్చుని చదివుంటే ఈ రెండు వారాలు మిగిలేవి.

ఇప్పటిదాకా: ఖర్చు ₹0. గంటలు 25. ఫోన్లు 0. నా మాట మీద నమ్మకం: తగ్గింది.

దశ 3: గోడ కట్టడం (జూలై 7–ఆగస్టు 2)

ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని ఒకటుంది, 2014లో వచ్చిన 5వ వెర్షన్ నుంచీ. ఫోన్ లోపల గోడ కట్టి ఒక గది వేరు చేసినట్టు ఉంటుంది. ఆ గదిలోని యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు కనిపిస్తుంది. గదిలోది బయటికి పోదు, బయటిది ఆఫీసుకి కనిపించదు. ఆఫీసు చెరిపితే ఆ గది ఒక్కటే పోతుంది. మా వాళ్ళకి ఇలా చెప్పాను: ఇల్లు మీది, మేం ఒక గదిలో అద్దెకుంటాం, హాల్లోకి రాం. ఈ అద్దె అన్న మాట తర్వాత నా మెడకే చుట్టుకుంది, దశ 6లో వస్తుంది.

ఈసారి నోటి మాటతో సరిపెట్టలేదు. నా ఫోన్‌నే ముందు చేర్చి, అడ్మిన్ పేజీ గోడౌన్‌లో పెద్ద మానిటర్ మీద తెరిచి అందరినీ పిలిచాను. నా గురించి అక్కడ కనిపించినవి: ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఆఫీసు గదిలోని యాప్‌ల పేర్లు, చివరిసారి ఎప్పుడు కలిసింది. నా ఫోటోలు, కాల్స్, మెసేజీలు, సొంత యాప్‌లు ఎక్కడా లేవు. ఆండ్రాయిడ్ 12 నుంచి సొంత ఫోన్ ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) కూడా ఆఫీసుకి ఇవ్వరు. తర్వాత వాళ్ళ ముందే నా ఆఫీసు గదిని చెరిపాను. మా చెల్లెలి సీమంతం అలాగే ఉంది. ఈ పావుగంట చూశాకే 11 మంది పేర్లిచ్చారు.

సగం పేజీ కాగితం తెలుగులో రాసి సంతకాలు తీసుకున్నాను. ఆఫీసు ఏం చూస్తుంది, ఏం చూడదు, ఉద్యోగం మానేస్తే ఏ రోజు ఏం చెరుపుతుంది. ఒక కాపీ వాళ్ళకి.

చేర్చే పద్ధతి, చివరికి కుదిరిన వరసలో:

1. ముందు కనీసం 5 జీబీ ఖాళీ ఉందో లేదో చూడండి. 3 జీబీతో పెడితే మధ్యలో ఆగిపోయింది.
2. ఫోన్ ఛార్జింగ్ 60 శాతం దాటాలి.
3. ఫోన్‌లో రెండో స్పేస్, డ్యూయల్ యాప్స్ లాంటివి (ఒకే ఫోన్‌లో అదే యాప్ రెండోది పెట్టుకునే సదుపాయాలు) ఉంటే ముందు తీయించండి. వాటిలో ఏముందో వాళ్ళనే బయటికి కాపీ చేసుకోనివ్వండి.
4. ఆఫీసు ఖాతా వాళ్ళ చేత్తోనే కొట్టించండి.
5. ఆఫీసు యాప్‌లకు ఆటోస్టార్ట్ (తెరవకపోయినా వెనకాల నడిచే అనుమతి) ఇచ్చి, బ్యాటరీ పొదుపు నుంచి మినహాయించండి.
6. ఒక డమ్మీ ఆర్డరు కొట్టించి, అది బిల్లింగ్‌కి చేరాకే లేవండి.

మొదటి రోజు ఆరుగురిని ఒకేసారి కూర్చోబెట్టాను, నాలుగు ఫోన్లు ఆగిపోయాయి. రెండు ఫోన్లు మూడో అంశం దగ్గర. ఆ స్పేస్‌లో రెండో వాట్సాప్ ఉంది, అందులో ఏముందో నేనడగలేదు, కుర్రాళ్ళు చెప్పలేదు. ఒకటి ఖాళీ లేక ఆగింది. ఇంకొకటి వైఫై వల్ల. ఒక్కో ఫోన్‌కి దాదాపు 380 ఎంబీ దిగుతుంది, ఆరు ఒకేసారి లాగితే మా ఆఫీసు లైను చేతులెత్తేసింది. ఆ రోజు ఒక్క ఫోన్‌కి పట్టిన టైము 55 నిమిషాలు. ఇద్దరిద్దరిని మాత్రమే పిలవడం మొదలుపెట్టాక 18 నిమిషాలకి దిగింది.

అయిదో అంశం వారం తర్వాత నేర్చుకున్నది. అవనిగడ్డ లైనులో మధ్యాహ్నం కొట్టిన ఆర్డర్లు సాయంత్రం ఆరు దాటాక గుంపుగా వస్తున్నాయి. సిగ్నల్ లేక అనుకున్నాను. సిగ్నల్ బాగానే ఉంది. ఫోన్ జేబులో పెట్టగానే బ్యాటరీ కోసం ఆర్డరు యాప్‌ని నిద్రపుచ్చుతోంది. ఆటోస్టార్ట్ ఇచ్చాక ఆలస్యం నాలుగైదు గంటల నుంచి రెండు నిమిషాలకొచ్చింది.

పాతవి మూడు ఫోన్లు ఈ పనికి లొంగలేదు. ఇద్దరు డెలివరీ కుర్రాళ్ళవి, ఒకటి గోడౌన్ అబ్బాయిది. కొత్త ఫోన్ కొనుక్కోమని చెప్పే హక్కు మనకి లేదు, వాళ్ళ జీతం నేనే వేస్తాను కాబట్టి నాకు తెలుసు. ఆఫీసు తరఫున మూడు ఫోన్లు కొన్నాం, ఒక్కోటి ₹9,200. డెలివరీ రెండిటికి సిమ్‌లు, గోడౌన్‌ది వైఫై మీద. ఐఫోన్లు రెండూ ఆఫీసులోనే కూర్చునేవాళ్ళవి, ప్రస్తుతానికి బ్రౌజర్‌లో మెయిల్‌తో సరిపెట్టాను. అది సగం పనే, ఒప్పుకుంటున్నాను.

ఇక లాక్ గొడవ. తప్పు పిన్ 5 సార్లు కొడితే ఆఫీసు గది చెరిగిపోయేలా పెట్టాను. జూలై 20 ఆదివారం తిరువూరు లైను ఆయన నాలుగేళ్ళ కూతురు బ్రీఫ్‌కేస్ గుర్తు ముద్దొచ్చి నొక్కింది, అంకెలు కొట్టింది. అయిదోసారికి గది మాయం. సిగ్నల్ లేక పంపకుండా ఉన్న శనివారం ఆర్డర్లు ఆరు దాంతోపాటే పోయాయి. సోమవారం ఆ ఆరు షాపులకీ ఫోన్ చేసి మళ్ళీ రాసుకున్నాం. 10 సార్లకు మార్చాను. అయిదు తప్పుల తర్వాత ఆండ్రాయిడ్ ఎలాగూ 30 సెకన్లు ఆపుతుంది, అంత ఓపిక ఆ పాపకి ఉండదని నమ్మకం.

ఇప్పటిదాకా: ఫోన్లు ₹27,600, జూలై లైసెన్సులు ₹3,990 (ఈ గదుల్ని ఆఫీసు నుంచి నడిపే సర్వీసుకి, తలకు ₹190, 21 మందికి), సిమ్‌లు ₹398. మొత్తం ₹31,988. గంటలు 56. పాతవి మూడూ ఐఫోన్లు రెండూ పోను, సొంత ఫోన్లలో 18కి 16. ఆఫీసు ఫోన్లు 3. మిగిలిన ఇద్దరికీ లైసెన్సు ముందే కొనేశాను, నెలకు ₹380 గాల్లోకి. మీరు చేరినవాళ్ళకే కొనండి.

దశ 4: ఓటీపీ ఎవరి జేబులో ఉంది (ఆగస్టు)

ఈ దశ నా ప్లాన్‌లో లేదు. ఆగస్టు 9, వరలక్ష్మీ వ్రతం మర్నాడు శనివారం. జగ్గయ్యపేటలో ఒక ఆస్పత్రికి ₹1.8 లక్షల సరుకు ఆటోలో ఎక్కించారు. యాభై వేలు దాటిన సరుకుకి ఈ-వే బిల్లు (జీఎస్టీ కింద ప్రభుత్వ సైట్‌లో తీసే రవాణా పత్రం) లేకుండా బండి కదలకూడదు. ఆ సైట్‌లో 2025 ఏప్రిల్ నుంచి లాగిన్‌కి ఓటీపీ అందరికీ తప్పనిసరి. బిల్లింగ్ అమ్మాయి లాగిన్ కొట్టింది, ఓటీపీ వెళ్ళింది. ఎవరికి? మార్చిలో మానేసి హైదరాబాద్ వెళ్ళిపోయిన పాత బిల్లింగ్ అబ్బాయికి. సబ్ యూజరు (ఆఫీసు ఖాతా కింద ఉద్యోగికి తీసిన లాగిన్) అతని సొంత నంబరు మీద ఉంది. రోజూ అతనికి ఫోన్ చేసి అడుగుతున్నారట, నాలుగు నెలలుగా! నాకెవరూ చెప్పలేదు. అలవాటైపోయింది.

ఆ రోజు అతను సినిమాలో ఉన్నాడు. గంటా యాభై నిమిషాల తర్వాత ఇంటర్వెల్లో చూసుకుని ఓటీపీ చెప్పాడు, పైగా సారీ అక్కా అన్నాడు. సారీ చెప్పాల్సింది నేను.

ఆ సాయంత్రమే ఏ లాగిన్ ఎవరి నంబరు మీద ఉందో రాశాను. ఉద్యోగుల సొంత నంబర్ల మీద 9 తేలాయి: ఈ-వే బిల్లు సబ్ యూజర్లు రెండు, మందుల కంపెనీల ఆర్డరు సైట్లు మూడు, కొరియరు, కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు, ఇంకా ఆఫీసు మెయిల్ రికవరీ నంబరు. ఆఖరిది చూసి చెమట పట్టింది. ఆ నంబరున్న మనిషి తల్చుకుంటే మొత్తం ఖాతాలే మార్చేయొచ్చు.

మార్చిన వరస:

1. ముందు మెయిల్ రికవరీ నంబరు. మిగతావన్నీ మెయిల్ మీద ఆధారపడతాయి.
2. ఒక ఆఫీసు సిమ్, ఒక బటన్ ఫోన్ (₹1,400). క్యాష్ కౌంటర్ సొరుగులో ఉంటుంది, తాళం క్యాషియర్ దగ్గర.
3. ఈ-వే బిల్లు సైట్‌లో పాత సబ్ యూజర్లను ఫ్రీజ్ చేసి, కొత్తవి ఆఫీసు నంబరుతో.
4. మిగతావి రోజుకొకటి. కంపెనీ సైట్లలో రెండింటికి లెటర్‌హెడ్ మీద ఉత్తరం అడిగారు, పది రోజులు పట్టింది.

బటన్ ఫోన్ ఎందుకంటే, స్మార్ట్‌ఫోన్ సొరుగులో ఉంటే ఎవరో ఒకరు దాంట్లో క్రికెట్ చూస్తారు, సాయంత్రానికి ఛార్జింగ్ ఉండదు. ఇది నాలుగు రోజులొస్తుంది.

ముందు మూడు దశల మీద నేను పోసిన గంటల్లో మూడో వంతు కూడా దీనికి పట్టలేదు, లాభం మాత్రం దీనిదే ఎక్కువ. మళ్ళీ మొదలుపెడితే దశ 4నే ముందు చేస్తాను.

ఇప్పటిదాకా: ₹31,988కి ఆగస్టు లైసెన్సులు ₹3,990, సిమ్‌లు మూడింటికి ₹597, బటన్ ఫోన్ ₹1,400 కలిపి ₹37,975. గంటలు 73. సొంత నంబర్ల మీద లాగిన్లు 9 నుంచి 1 (కరెంటు బిల్లు, మేనేజరు గారి పేరు మీదే ఉంది, వదిలేశాను).

దశ 5: వాట్సాప్ (సెప్టెంబరు)

గ్రూపులు 11 నుంచి 3కి తగ్గించాం. వెళ్ళిపోయిన 7 నంబర్లు తీసేశాం. తీసేసినంత మాత్రాన వాళ్ళ ఫోన్లలో ఉన్నవి పోవు. అందరికీ డిలీట్ కొట్టే అవకాశం రెండు రోజుల పైచిలుకే, ఏళ్ళ నాటి రేట్ల లిస్టులు అక్కడే ఉంటాయి. ఇక ముందు పడేవాటి సంగతే చూసుకున్నాం.

చెడిన ప్రయత్నం: ఆఫీసు గదిలో కూడా వాట్సాప్ పెట్టుకోమన్నాను. గుడివాడ డెలివరీ కుర్రాడు తన సొంత నంబరుతోనే అందులో లాగిన్ అయ్యాడు. పరికరంగా జోడిస్తే తప్ప ఒక నంబరుతో ఒక యాప్‌లోనే లాగిన్ ఉంటుంది కదా, వాడి సొంత వాట్సాప్ బయటికి నెట్టేసింది. బ్యాకప్ లేదు. వాళ్ళ నాన్న పంపిన వాయిస్ మెసేజీలు తిరిగొస్తాయో లేదోనని ఆ పూటంతా పని చేయలేదు. పాత యాప్ తీసేయలేదు కాబట్టి మళ్ళీ అందులో లాగిన్ అయితే అన్నీ ఉన్నాయి. బతికాను. ఆ సూచన ఆ సాయంత్రమే వెనక్కి తీసుకున్నాను.

కుదిరిన పద్ధతి: ఓనరు గారింట్లో వాడకుండా పడున్న స్మార్ట్‌ఫోన్‌లో కొత్త ఆఫీసు సిమ్‌తో వాట్సాప్ బిజినెస్. దానికి నాలుగు పరికరాలు జోడించొచ్చు, బిల్లింగ్‌లో నాలుగు కంప్యూటర్లు, సరిగ్గా సరిపోయింది. షాపులన్నిటికీ ఇక ఆర్డర్లు, డాక్టరు చీటీలు ఈ నంబరుకే పంపమన్నాం. మొదటి వారం పదిమందిలో ముగ్గురే విన్నారు. సేల్స్‌మన్లకు వచ్చిన చీటీని వాళ్ళు ఆఫీసు నంబరుకి పంపి, తమ దాంట్లో తీసేయాలని చెప్పాం. నెల చివరికి నాకు తెలిసినంతలో ఇద్దరు షాపుల వాళ్ళే మిగిలారు, ఇద్దరూ ఓనరు గారి చుట్టాలు.

డెలివరీ ఫోటోల కథ వేరు. సంతకం బిల్లుల ఫోటోలు ఆఫీసు కెమెరాతో తీస్తే ఆఫీసు గదిలోనే ఉంటాయి. చేతికి అలవాటైనదేమో సొంత కెమెరా. మొదటి వారం 61 ఫోటోల్లో 43 సొంత గ్యాలరీలో పడ్డాయి. తిట్టి లాభం లేదు. ఆఫీసు కెమెరా గుర్తుని మొదటి స్క్రీన్‌లో కింద బొటనవేలు పడేచోట పెట్టించాను. రెండో వారం 9, మూడో వారం 2.

సెప్టెంబరు 22న జీఎస్టీ మారింది. చాలా మందుల మీద 12 నుంచి 5కి దిగింది, కొన్నిటికి సున్నా. అంటే ఒక్క రాత్రిలో మా రేట్ల లిస్టు మొత్తం పాతదైపోయింది. ఆఫీసు గదిలో ఉన్న షీట్ 21వ తేదీ రాత్రే మార్చాను, తెల్లారేసరికి చేరినవాళ్ళందరి దగ్గరా కొత్తదే. అయినా ఆ వారం 11 ఆర్డర్లు పాత రేటుతో వచ్చాయి. ఎందుకా అని చూస్తే, డౌన్‌లోడ్స్‌లో పాత పీడీఎఫ్ దాచుకుని దాన్నే తెరుస్తున్నారు. వేళ్ళకి దగ్గరగా ఉన్నదే నిజం అక్కడ. అప్పటినుంచి రేట్లు పీడీఎఫ్‌గా ఎవరికీ పంపడం లేదు, నన్ను ఎంత బతిమాలినా సరే.

దసరా నవరాత్రులన్నాళ్ళూ కొండ చుట్టూ ట్రాఫిక్ మళ్ళింపులు, డెలివరీకే గగనం, కొత్తవేవీ పెట్టలేదు.

ఇప్పటిదాకా: ఈ నెల లైసెన్సులు ₹3,990, నాలుగు సిమ్‌లు ₹796. మొత్తం ₹42,761. గంటలు 95. సొంత ఫోన్లు 18కి 16, అక్కడే ఆగింది.

దశ 6: అద్దె (అక్టోబరు)

మిగిలిన ఇద్దరిలో ఒకరి ఫోన్‌లో 2.1 జీబీయే ఖాళీ. ఏం నింపిందో అతనితోనే చూపించుకున్నాను. వాట్సాప్‌లో ఆఫీసు గ్రూపులవే 4.7 జీబీ. మా చెత్త అతని ఇంట్లో పోసి, మాకు గది లేదంటున్నావని అతన్నే అంటున్నాం! తీసేస్తే 6.8 జీబీ అయింది, అదే రోజు చేరాడు.

రెండో ఆయన మచిలీపట్నం లైను. ఏజెన్సీలో 19 ఏళ్ళు, నేను బాబాయ్ గారూ అని పిలుస్తాను. మానిటర్ చూపించినా, కాగితం చూపించినా కదల్లేదు.

"అద్దెకుంటామన్నావుగా అమ్మాయ్. అద్దెంత?"

దానికి నా దగ్గర జవాబు లేదు. వెళ్ళి కొలిచాను. అక్టోబరు మొదటి రెండు వారాలు అందరి చేతా ఆఫీసు యాప్‌ల డేటా, ఆఫీసు కాల్స్ రాయించాను. నెలకు లెక్క కడితే సగటున 1.3 జీబీ, ఎక్కువ వాడింది 3.4 జీబీ. కాల్స్ సేల్స్‌మన్‌కి రోజుకు 38. డేటా పెద్ద లెక్క కాదు. బ్యాటరీ, స్క్రీన్ అరుగుదల, ఇంట్లో అన్నం తినేటప్పుడు మోగే షాపుల కాల్స్, అవి లెక్కలోకి రావు.

ఓనరు గారు అన్నది: "ఎటూ రీఛార్జి వాళ్ళు చేయించుకునేదే కదమ్మా, మనకోసం ఎక్కువేం పెడుతున్నారు?"

సరిగ్గా ఇదే వాదన కాలిఫోర్నియాలో ఒక కేసులో వచ్చింది. 2014లో అక్కడి అప్పీలు కోర్టు, ఉద్యోగికి అదనంగా పైసా ఖర్చవకపోయినా పని కోసం సొంత ఫోన్ తప్పనిసరిగా వాడాల్సి వస్తే బిల్లులో సబబైన వాటా యజమాని ఇవ్వాల్సిందే అంది. శాన్‌హోజేలో ఉన్న మా తమ్ముడికి అతని కంపెనీ నెలనెలా అలా ఇస్తుంది, ఈ సంగతి నాకు తెలిసింది అలాగే. ఆ కాగితం ఓనరు గారి ముందు పెట్టాను.

"అది కాలిఫోర్నియా, ఇది గవర్నర్‌పేట," అన్నారు. మూడు రోజులు పోయాక పిలిచి, ఎంతవుతుందో వేసుకురా అన్నారు.

ఒప్పుకున్నది: సేల్స్‌మన్లు తొమ్మిదిమందికి ₹250 చొప్పున, సొంత ఫోన్ వాడే డెలివరీ అయిదుగురికి ₹200, ఆఫీసులో ఆరుగురికి ₹100. నెలకు ₹3,850. నేనడిగింది దీనికి రెట్టింపు.

బాబాయ్ గారు ₹250 అని విని నవ్వారు. డబ్బుకి కాదు, ఇంకోటి చూసి చేరారు. ఆఫీసు గదికి ఒక స్విచ్ ఉంది. ఆపితే ఆఫీసు యాప్‌లన్నీ నిద్రపోతాయి, మెయిళ్ళూ నోటిఫికేషన్లూ రావు. "అంటే ఏడింటికి షట్టర్ దించేయొచ్చన్నమాట," అన్నారు. మర్నాడు ఆయనే ముందొచ్చి కూర్చున్నారు, 14 నిమిషాల్లో అయిపోయింది, రికార్డు. ఈ స్విచ్ సంగతి నేను జూలైలోనే చెప్పుండాల్సింది. రాత్రిపూట రిపోర్టులు అడిగే మేనేజరు గారికి ఇష్టం ఉండదని మొహమాటపడ్డాను. ఇప్పుడు కాగితంలోకే ఎక్కించాం: రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా స్విచ్ ఆపుకోవచ్చు, ఎవరూ అడగకూడదు.

ఇప్పటిదాకా: నెల ఖర్చు ₹4,786, దానిమీద అద్దె ₹3,850, మొత్తం ₹51,397. గంటలు 108. సొంత ఫోన్లు 18కి 18.

దశ 7: పోయిన ఫోన్ (నవంబరు)

నవంబరు 16 ఆదివారం రాత్రి 9.40కి ఫోన్. గుడివాడ లైను సేల్స్‌మన్ బస్సులో ఫోన్ పోగొట్టుకున్నాడు, వాళ్ళ ఆవిడ ఫోన్ నుంచి చేశాడు. ఇన్నాళ్ళు కట్టిన గోడకి పరీక్ష.

ఆఫీసు గది చెరపమని కమాండ్ పంపాను. పోయిన ఫోన్ స్విచాఫ్. కమాండ్ వెయిటింగ్‌లో కూర్చుంది, ఈ వాక్యం రాసేటప్పటికీ అక్కడే ఉంది. ఫోన్ నెట్‌కి వస్తేనే చెరుగుతుంది. ఆ రాత్రి నిజంగా పని చేసినవి రెండు: ఆరంకెల లాక్, నేను ఆరు నిమిషాల్లో మార్చిన ఆఫీసు పాస్‌వర్డు. పాస్‌వర్డు మార్చి అన్నిచోట్లా సైనౌట్ కొట్టాక నాకు ఊపిరాడింది.

ఇంకో సంగతి, వరస ముఖ్యం. కేంద్ర టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్‌లో పోయిన ఫోన్‌ని బ్లాక్ చేయించొచ్చు, పోలీసు ఫిర్యాదు కాపీ, ఐఎంఈఐ కావాలి. అది ఫోన్ సొంతదారే చేయాలి, ఆఫీసు కాదు. బ్లాక్ అయ్యాక ఆ ఫోన్‌కి మొబైల్ నెట్‌వర్క్ దొరకదు, అంటే చెరిపే కమాండ్ వైఫై దొరికితే తప్ప చేరదు. కాబట్టి:

1. పాస్‌వర్డు మార్పు, సైనౌట్. వెంటనే.
2. చెరిపే కమాండ్. వెంటనే.
3. కొత్త సిమ్. బ్యాంకు, యూపీఐ అతనివి ఉంటాయి, ఆ సంగతి ముందు చూసుకోనివ్వండి. మన రేట్ల లిస్టు కంటే అతని ఖాతా ముఖ్యం.
4. ఫిర్యాదు, ఆ తర్వాత బ్లాక్.

ఐఎంఈఐ మన పేజీలో కనిపించదు అన్నాను కదా. జూలైలో అందరి చేతా స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టించి, వచ్చిన నంబరు చీటీ మీద రాయించి ఇంట్లో దాచుకోమన్నాను. ఇతను ఆ చీటీని ఫోన్ కవర్‌లోనే పెట్టుకున్నాడు. అదృష్టం కొద్దీ ఫోన్ వచ్చిన అట్టపెట్టె మీద ఆ నంబరు ఉంది.

అదే వారం కేంద్రం డేటా రక్షణ చట్టం నిబంధనలు నోటిఫై చేసిందని పేపర్లో వచ్చింది. 2023 చట్టం. దశలవారీగా అమల్లోకొస్తుంది, జాగ్రత్తలు తీసుకోక డేటా పోతే జరిమానా ₹250 కోట్ల దాకా ఉండొచ్చు. పేపర్ ఓనరు గారి టేబుల్ మీద పెట్టి, పోయిన ఫోన్‌లో జూన్ నాటి డాక్టరు చీటీలు గ్యాలరీలో ఉన్నాయో లేవో ఆ సేల్స్‌మన్‌ని అడిగాం. అతనికి గుర్తు లేదు. ఉండే ఉంటాయి. గోడ కట్టకముందు హాల్లో పోసినవి గోడ కాపాడదు. మర్నాడు అందరినీ కూర్చోబెట్టి, పాత గ్రూపుల ఫోటోలు వాళ్ళ చేత్తోనే తీయించాను. 20 ఫోన్లు, ఒక పూట, 31 జీబీ. ఇది జూన్‌లో, దశ 1లోనే చేయాల్సిన పని.

ఇప్పటిదాకా: ఈ నెల ₹8,636. మొత్తం ₹60,033. గంటలు 121. ఇక నెలనెలా అయ్యేది కూడా ₹8,636.

మిగిలినవి

ఐఫోన్లు రెండూ అలాగే ఉన్నాయి. పోయిన ఫోన్ దొరకలేదు, అతను వాయిదాల మీద కొత్తది కొన్నాడు, దాన్ని చేర్చడం బుధవారం.

ఇంకొకటి మొన్ననే కనిపెట్టాను. మొదటి రోజు వేసిన 23 లెక్కలో ఓనరు గారి ఫోన్ లేదు. మిగిలిన మూడు గ్రూపులకీ అడ్మిన్ ఆయనే, బాకీల లిస్టు అందరికంటే ముందు వెళ్ళేది ఆయనకే, లాక్ లేదు. సాయంత్రం అయితే ఫోన్ మనవడి చేతిలో ఉంటుంది. అడిగితే శనివారం టైమిచ్చారు. ఖాళీ చూశాను, 1.4 జీబీ. ముందు మనవడి ఆటలు తీయాలి, ఆ మాట వాడికి ఎవరు చెబుతారో ఇంకా తేలలేదు.